పోటు అంచున పూసే పొద: గోదావరి మడ అడవులలో సైఫిఫోరా

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ అఖాతానికి దక్షిణంగా, కోరంగి, గాడేరు పాయల నడుమ పరచుకున్న మడ అడవులలో కాఫీ మొక్క కుటుంబానికి చెందిన ఒక పొద పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం సైఫిఫోరా హైడ్రోఫిల్లేసియా. మహా అయితే మూడు మీటర్ల ఎత్తుకు ఎదిగి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఈ పొద శ్రీలంక, అండమాన్ దీవులు మొదలుకొని ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా మీదుగా పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా వరకు విస్తరించి ఉన్నా, భారత ప్రధాన భూభాగం మీద మాత్రం చాలా అరుదుగా కనిపిస్తుంది; అలా కనిపించే కొద్ది తావులలో గోదావరి డెల్టా ఒకటి. తెల్లమడ, నల్లమడ, తిల్ల వంటి చెట్లు ఇక్కడ మైళ్ల తరబడి గుంపులు కట్టి పెరుగుతుండగా, సైఫిఫోరా ఎక్కడో ఒక ఉప్పుటేటి గట్టున, మరెక్కడో పర్ర అంచున విడివిడిగా నిలిచి ఉంటుంది. దాని పక్కనుంచి నాటు పడవలో సాగిపోయే వారికి అది మరో ఆకుపచ్చని పొదగా తప్ప వేరుగా కనిపించకపోవడంలో వింత లేదు. అయినా ఈ పొద ఎక్కడ బతుకుతున్నది, ఎక్కడ బతకలేకపోతున్నది అన్న ప్రశ్నను అనుసరించి వెళితే, గోదావరి మడ అడవిలో ఇతర చెట్లేవీ అంత స్పష్టంగా చూపలేని ఒక సన్నని నేలపట్టీ కథ తెలిసివస్తుంది.

రూబియేసి అనే ఈ కుటుంబం తెలుగువారికి కొత్తది కాదు. పెరటిలో పూసే నూరువరహాలు, పాత గుడుల ఆవరణలలో నీడనిచ్చే కదంబం, ఒకప్పుడు కోరమాండల్ తీరపు అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరు, తూర్పు కనుమల అడవులలో కనిపించే బిక్కి, అరకు లోయలో పండే కాఫీ, ఇవన్నీ ఈ కుటుంబంలోవే. ప్రపంచం మొత్తం మీద 13,000కు పైగా జాతులున్న ఇంత పెద్ద కుటుంబంలో ఉప్పునీటి బురదను నిజమైన నివాసంగా చేసుకున్నది మాత్రం సైఫిఫోరా ఒక్కటేనని చెప్పవచ్చు. పైగా ఆ ప్రజాతిలో మరో జాతి లేదు. ఒక ప్రజాతిలో ఒకే ఒక జాతి మిగిలి ఉంటే దానిని ఏకజాతి ప్రజాతి అంటారు. అటువంటి మొక్క అంతరిస్తే పోయేది ఒక జాతి మాత్రమే కాదు, పరిణామక్రమంలో చాలాకాలం క్రితం విడిపోయి తన దారిన తాను నడచిన ఒక కొమ్మ మొత్తం పోయినట్టే లెక్క.

ఈ పొద నివాసాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు డెల్టా నేల ఎలా ఏర్పడిందో చూడాలి. పశ్చిమ కనుమలలో త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి, పాపికొండలను దాటి, రాజమహేంద్రవరం వద్ద మైదానంలోకి విస్తరించి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. గడచిన సుమారు 6,000 సంవత్సరాలలో సముద్రమట్టం దాదాపు నిలకడగా ఉండటంతో, నది తెచ్చిన ఒండ్రు తీరం వెంబడి పేరుకుంటూ డెల్టాను సముద్రంలోకి నెట్టుకుంటూ పోయింది. ఒకప్పటి సముద్రపు ఒడ్డులే నేటి కోనసీమలోని ఇసుక మెరకలు. వాటి మధ్య పల్లాలలో వరి పొలాలు, మెరకల మీద ఊళ్లూ కొబ్బరి తోటలూ వెలిశాయి. గౌతమి ముఖద్వారం నుంచి ఉత్తరంగా సముద్రపు ప్రవాహాలు మోసుకుపోయిన ఇసుక సుమారు 16 కిలోమీటర్ల పొడవైన హోప్ ఐలాండ్‌గా రూపుకట్టి, దాని వెనుక కాకినాడ అఖాతాన్ని అలల తాకిడి లేని లోతు తక్కువ నీరుగా మార్చింది. కెరటాల బలం తగ్గినచోటే సన్నని ఒండ్రు బురదగా దిగుతుంది, బురద దిగినచోటే మడ వేరూనుతుంది. కోరంగి మడ అడవి ఉనికికి మూలం ఈ ప్రశాంతమైన నీరే.

మడ అడవిని బయటి నుంచి చూస్తే అంతా ఒకే రీతిగా కనిపిస్తుంది గాని, లోపల ప్రతి జానెడు ఎత్తుకూ జీవనం మారిపోతుంది. తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఏటి అంచునున్న పల్లపు బురద ప్రతి పోటుకూ మునుగుతుంది. కొంచెం మెరకలో ఉన్న నేల కొన్ని పోట్లకే తడుస్తుంది. అంతకన్నా మెరకగా, భూమివైపు చివరన ఉన్న నేలకు అమావాస్య, పున్నములకు వచ్చే పెద్ద పోటు మాత్రమే అందుతుంది. అక్కడికి నీరు నెలలో కొద్ది రోజులే చేరి, మిగిలిన రోజులన్నీ ఎండకు ఆవిరైపోతుంటే, నేలలో ఉప్పు పేరుకుంటుంది. వేసవి వచ్చేసరికి పర్ర మీద తెల్లని పొర కడుతుంది, ఇలకూర వంటి ఉప్పు మొక్కలు ఎర్రబారి నేలను అంటుకొని మిగులుతాయి. తరువాత జూన్ చివర మొదలై అక్టోబరు వరకు సాగే వానలు, గోదావరి వరద కలిసి ఆ ఉప్పును కడిగేస్తాయి. అంటే ఈ అంచు నేల ఏడాదిలో కొన్ని నెలలు సముద్రం కన్నా ఉప్పగా, మరికొన్ని నెలలు దాదాపు ఉప్పు లేనిదిగా ఉంటూ, రెండు భిన్న లోకాల మధ్య ఊగుతుంది.

సైఫిఫోరా ఎంచుకున్నది సరిగ్గా ఈ అంచునే. ఏటి మధ్య బురదలో ఉప్పుపొన్నతోనూ, కళింగతోనూ అది పోటీపడదు. మెరకలో ఉన్న చెట్ల అంచులు, ఇసుక కలిసిన ఒండ్రు గట్లు, వెలుతురు ధారాళంగా పడే ఖాళీలు దానికి అనువైన తావులు. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ బారీ టామ్లిన్సన్ 1986లో ప్రచురించిన మడ మొక్కల గ్రంథంలో వీటిని ప్రధాన మడలు, అప్రధాన మడలు, మడలతో కలిసి పెరిగే మొక్కలు అని మూడు తరగతులుగా విభజించి, సైఫిఫోరాను రెండవ తరగతిలో చేర్చాడు. ప్రధాన మడలు తమంతట తామే విశాలమైన అడవులుగా పెరుగుతాయి. అప్రధానమైనవి అంచులలోనే ఉంటాయి, స్వయంగా అడవిని కట్టవు. ఇది మొక్క యోగ్యతను తూచే మాట కాదు, అది నిలిచే చోటును చెప్పే మాట మాత్రమే. అయితే, ఆ చోటు ఇరుకు కావడమే ఈ మొక్క చరిత్ర మొత్తానికీ కారణం.

ఉప్పునీటిలో మొక్క బతకడం ఎందుకంత కష్టమో ఒక లెక్కతో తెలుస్తుంది. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు నీరు పొర గుండా కదలడాన్ని ద్రవాభిసరణం అంటారు. వేరులోని రసం కన్నా బయటి నీరే చిక్కగా ఉంటే, మొక్కలోని నీరు బయటికి పోవాలి గాని లోనికి రాకూడదు. ఆ సహజ ధోరణికి ఎదురీది సముద్రపు నీటి నుంచి మంచినీటిని లాగాలంటే సుమారు 25 వాతావరణ పీడనాలకు సమానమైన లాగుడు కావాలి. మడ చెట్ల కాండంలోని నీటి తీగలు నిజంగానే అంతటి బిగువుతో ఉంటాయని 1965లో పెర్ షోలాండర్, ఆయన సహచరులు కొమ్మను పీడన పాత్రలో బిగించి కొలిచి నిరూపించారు. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరే ఆ లాగుడుకు శక్తినిస్తుంది. వేరులోని పొరలు జల్లెడలా ఉప్పును బయటే ఆపుతాయి.

అయితే ఎంత వడకట్టినా కొంత ఉప్పు లోపలికి వస్తుంది. దానిని వదిలించుకోవడంలోనే మడ మొక్కలు ఒకదానికొకటి వేరుపడతాయి. తెల్లమడ, గుగ్గిలం, ఆల్చి మొక్కల ఆకులలో ఉప్పు గ్రంథులు ఉంటాయి. ఉదయం పూట వాటి ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకిస్తే ఉప్పదనం తెలుస్తుంది. తిల్ల వంటివి ఉప్పును ముదురాకులలో నింపి, ఆ ఆకులను రాల్చివేస్తాయి. సైఫిఫోరాకు ఉప్పు గ్రంథులు లేవు. వేరు దగ్గర వడకట్టడం, నీటిని పొదుపుగా వాడడం, దళసరి ఆకులో నీటిని నిల్వ ఉంచి ఉప్పు గాఢతను పలుచన చేయడం దాని పద్ధతులు. అందుకే నీటి పొదుపునకు సంబంధించిన ఏర్పాట్లు ఈ పొద కొమ్మ చివర చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

ఒక కొమ్మను చేతిలోకి తీసుకొని చూస్తే ఆ ఏర్పాట్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. మొదలు సన్నగా, కొన వెడల్పుగా గుండ్రంగా ఉండి, తోలులా దళసరిగా, మెరుస్తూ ఉంటాయి. ఎదురెదురు ఆకుల తొడిమల మధ్య, కాండాన్ని చుట్టి పట్టుకున్న పొట్టి పొరవంటి భాగం ఒకటి కనిపిస్తుంది. దీనిని పత్రపుచ్ఛం అంటారు. తొడిమల మధ్య ఇలా ఉండటం కాఫీ కుటుంబానికి ముద్రవంటి లక్షణం. ఆ పొర లోపలి అంచున జిగురు స్రవించే సూక్ష్మమైన గ్రంథులు ఉంటాయి. అవి స్రవించే జిగురు లేత మొగ్గను పూర్తిగా కప్పివేసి, అందులోంచి విప్పారే ఆకుల మీద కూడా పలుచని పూతగా మిగిలిపోతుంది. కొమ్మ కొసను రెండు వేళ్లతో నొక్కితే బంకగా అంటుకుంటుంది. తూర్పు కనుమల ఎండు అడవులలో పెరిగే బిక్కి మొగ్గల మీద కూడా ఇటువంటి జిగురే ముత్యంలా నిలుస్తుంది. ఒకటి వాన కరువైన కొండ మీద, మరొకటి నీరుండీ తాగలేని ఉప్పు నేల మీద, ఎండిపోయే ప్రమాదాన్ని ఎదుర్కొనేందుకు ఒకే కుటుంబపు పాత ఉపాయాన్ని వాడుకుంటున్నాయి.

ఈ పొదను గుర్తించడంలో తడబాటు ఎక్కువగా లుమ్నిట్జెరా అనే మరో మడ మొక్కతో వస్తుంది. రెండూ మెరక నేలలోనే పెరుగుతాయి, రెండింటి ఆకులూ కొనవైపు వెడల్పుగా దళసరిగా ఉంటాయి. అయితే లుమ్నిట్జెరా ఆకులు కొమ్మ మీద ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి, ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది; సైఫిఫోరా ఆకులు ఎదురెదురు జంటలుగా ఉండి, వాటి మధ్య పత్రపుచ్ఛం కనిపిస్తుంది. పూత లేని కాలంలో కూడా ఈ ఒక్క తేడాతో రెండింటినీ తప్పులేకుండా వేరుచేయవచ్చు.

మడ చెట్లంటే పుస్తకాలలో ముందుగా కనిపించే బొమ్మ బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన శ్వాసవేళ్లది, లేదా కాండం నుంచి వంగి నేలలో దిగిన ఊతవేళ్లది. మునిగిన బురదలో గాలి ఉండదు. కుళ్లే ఆకులూ బాక్టీరియాలూ కలిసి అక్కడున్న ఆక్సిజన్‌ను హరించి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేస్తాయి. అందువల్ల తెల్లమడ పెన్సిళ్ల వంటి వేళ్లను గాలిలోకి పంపి ఊపిరి తీసుకుంటుంది, ఉప్పుపొన్న ఊతవేళ్ల మీది రంధ్రాల గుండా గాలి పీలుస్తుంది. సైఫిఫోరాకు ఈ రెండు రకాల వేళ్లూ లేవు. దాని వేళ్లు మామూలు నేల మొక్కల వేళ్లలాగే ఉంటాయి. మెరక నేల పోటుకూ పోటుకూ మధ్య చాలా రోజులు ఆరి, గాలి చొరబడేందుకు అవకాశం ఇస్తుంది కాబట్టి ఆ ప్రత్యేక వేళ్లు లేకుండానే అది గడుపుకోగలుగుతుంది. అయితే అదే నేలకు ఏ కట్ట అడ్డుపడో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి వారాల తరబడి నిలిస్తే, తెల్లమడ కొన్నాళ్లు తట్టుకోవచ్చు గాని సైఫిఫోరా వేళ్లకు ఊపిరి ఆడదు. ఈ సంగతిని ముందు ముందు గుర్తుపెట్టుకోవాలి.

పూలు చిన్నవి, ఆకుల మొదళ్లలో పొట్టి గుత్తులుగా వస్తాయి. ఒక్కొక్క పూవు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. అడుగున పచ్చని చిన్న గిన్నెలాంటి రక్షక పత్రావళి, దాని నుంచి లేచిన పొట్టి గొట్టం, గొట్టం పైన వెనక్కి ఒరిగిన నాలుగు తెల్లని రేకులు, వాటి మీద సన్నని గులాబీ ఛాయ. రేకుల మధ్య మధ్య నాలుగు కేసరాలు బయటికి చొచ్చుకువస్తాయి, వాటి నడుమ రెండుగా చీలిన కీలాగ్రం ఉంటుంది. గొట్టం అడుగున ఊరే తేనె కోసం కీటకాలు వస్తాయి. పుప్పొడి సంచులు పగిలిన తరువాత గాని అదే పూవులో కీలాగ్రం పుప్పొడిని స్వీకరించే స్థితికి రాదు. మగ దశ ముందుగా, ఆడ దశ తరువాతగా వచ్చే ఈ క్రమాన్ని శాస్త్రంలో పుంభాగ ప్రథమోత్పత్తి అంటారు. దీనివల్ల ఒక పూవు పుప్పొడి దానిమీదే పడే అవకాశం తగ్గుతుంది. అదే పొద మీద ఒక పూవు నుంచి మరో పూవుకు పుప్పొడి చేరకుండా మాత్రం ఇది ఆపలేదు. పొదలు దగ్గరదగ్గరగా ఉంటే కీటకం ఒకదాని పుప్పొడిని మరొకదానికి చేరుస్తుంది; ఒంటరిగా మిగిలిపోయిన పొదకు వేరే పొద పుప్పొడి రావడం కష్టమై, అది తన సంతానపు వైవిధ్యాన్ని కోల్పోతుంది. అరుదైన మొక్క మరింత అరుదు కావడానికి ఇదొక మార్గం.

కోరంగి మడ మొక్కల పరాగ సంపర్కాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన ఘనత ఆంధ్ర విశ్వవిద్యాలయ పర్యావరణ శాస్త్ర విభాగానికి చెందిన ఆచార్య ఎ. జె. సాల్మన్ రాజు, ఆయన విద్యార్థులది. ఏ పూవు ఎప్పుడు విప్పుతుంది, ఏ కీటకం వస్తుంది, ఎన్ని పూలు కాయలవుతాయి అన్న చిన్న చిన్న ప్రశ్నలకు బురదలో నిలబడి సమాధానాలు రాబట్టిన ఆ పని, విస్తీర్ణాల లెక్కల కన్నా ఈ అడవి గురించి ఎక్కువ చెబుతుంది.

కాయ ఈ మొక్కకు అసలైన గుర్తింపు చిహ్నం. సుమారు సెంటీమీటరు పొడవున, స్తంభంలా నిలువుగా, చుట్టూ ఎనిమిది వరకు నిలువు ఉబ్బెత్తు గీతలతో, తలపైన ఎండిన రక్షక పత్రావళి గిన్నెను అలాగే నిలుపుకొని ఉంటుంది. పచ్చగా మొదలై పండే నాటికి గోధుమ రంగుకు మారుతుంది. లోపల బెండులాంటి తేలికైన కండ ఉండటం వల్ల రాలిన కాయ నీటిపై తేలుతుంది. ఈ జాతిని మొదటిసారి శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేసిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్రీడ్రిక్ ఫాన్ గేర్ట్నర్ తన తండ్రి యోసెఫ్ గేర్ట్నర్ మొదలుపెట్టిన కాయల, విత్తనాల గ్రంథానికి కొనసాగింపుగా వెలువరించిన పుస్తకంలో 1806లో దీనిని వర్ణించాడు. ఆ తరువాత మొక్కల సంకరణం మీద ఆయన చేసిన విస్తృత ప్రయోగాలను మెండెల్ తన బఠాణీ వ్యాసంలో ప్రస్తావించడం వల్ల ఆయన పేరు నేటికీ జీవశాస్త్ర విద్యార్థులకు తెలుస్తూనే ఉంది.

గేర్ట్నర్ కన్నా కొంత ముందే గోదావరి తీరంలో మరొక వృక్షశాస్త్రవేత్త పనిచేశాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి, అక్కడొక తోటను పెంచి, మిరియాలు, కాఫీ వంటి పంటలను ఈ నేలకు అలవాటు చేయడానికి ప్రయత్నిస్తూ, చుట్టుపక్కల మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1787లో కోరంగి పక్కన ఇంజరం ప్రాంతాన్ని ముంచెత్తిన ఉప్పెనలో ఆయన అప్పటిదాకా సేకరించిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు పోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం ఆ రెండో ప్రయత్నపు ఫలమే. 1839 నవంబరులో వచ్చిన మరో ఉప్పెన కోరంగి రేవు పట్టణాన్ని తుడిచిపెట్టి, ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన ఆ రేవు మళ్లీ పూర్వపు స్థితికి రాకుండా చేసింది. ఈ తీరంలో మొక్కల చరిత్రను ఉప్పెనల చరిత్ర నుంచి విడదీసి చెప్పడం కుదరదు.

విత్తనం మొలకెత్తే తీరులో సైఫిఫోరా తన పొరుగువారికి పూర్తిగా భిన్నం. ఉప్పుపొన్న, సెరియోప్స్ వంటి చెట్లలో విత్తనం కాయలో ఉండగానే, తల్లి చెట్టు మీదే మొలకెత్తి, బారెడు కాకపోయినా జానెడు పొడవైన మొలకగా వేలాడి, తరువాత బురదలో నిటారుగా దిగుతుంది. దీనిని వివిపారీ అంటారు. తెల్లమడ, గుగ్గిలం వంటి వాటిలో మొలక కాయలోపలే సిద్ధమవుతుంది గాని తొక్కను చీల్చుకొని బయటికి రాదు. ఈ రెండు రకాలలోనూ బిడ్డ మొక్క ఉప్పునీటిని మొదటిసారి తాకేనాటికే తల్లి పెట్టిన తిండితో బలపడి ఉంటుంది. సైఫిఫోరా విత్తనానికి ఆ ఆసరా లేదు. అది మామూలు నేల మొక్కలాగే కాయను విడిచి, తేలి, ఎక్కడో ఒక గట్టున చేరి, అక్కడ ఉప్పు తగ్గి నేల మెత్తబడ్డాక మొలకెత్తాలి. పెద్ద పోటు తేల్చుకొచ్చిన కాయలు, ఆకులు, చితుకులు పోటు గీత వెంబడి పరచుకుంటాయి. వాటిలో ఏ కాయ వాన పడే వేళకు మెరక మీద నిలబడుతుందో దానికే మొలిచే అవకాశం. అంటే మొలకకు రెండు షరతులు: పోటు కాయను మెరకకు చేర్చాలి, వాన ఆ మెరకలోని ఉప్పును కడగాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ఆ ఏటి విత్తనం వృథా.

సైఫిఫోరా అరుదు కావడం దాని బలహీనత వల్లేనని అనుకోవడం న్యాయం కాదు. ఇంత ఉప్పును, ఇంత ఎండను ఓర్చుకునే మొక్కను బలహీనమని ఎవరూ అనలేరు. దాని చిక్కు అది కోరుకునే నేలతోనే. భూమివైపు అంచున, పెద్ద పోటు మాత్రమే అందే మెరక, ప్రభుత్వ లెక్కలలో చాలాచోట్ల బీడు. పంటకు పనికిరాదు, చెట్టు దట్టంగా లేదు, నీటిలోనూ లేదు. మనుషులకు కూడా సరిగ్గా ఆ నేలే అందుబాటులో ఉంటుంది. కట్టలు వేయడానికి, బాటలు వేయడానికి, ఉప్పు మడులు కట్టడానికి, సరుగుడు నాటడానికి, పశువులను మేపడానికి, చివరకు రొయ్యల చెరువులు తవ్వడానికి ముందుగా ఆ పట్టీనే ఎంచుకుంటారు. మడ అడవి లోపలి దట్టమైన భాగం చట్టపు రక్షణలో ఉండగా, దాని అంచు ఏ పేరూ లేని నేలగా చేయి జారిపోయింది.

1980ల చివర, 1990ల మొదట్లో గోదావరి, కృష్ణా డెల్టాలలో ఉప్పునీటి రొయ్యల పెంపకం అతి వేగంగా విస్తరించింది. ఎకరం వరి మీద వచ్చే ఆదాయానికి ఎన్నో రెట్లు రొయ్యల మీద రావడంతో, ఏటికి దగ్గరగా ఉండి పంపుతో ఉప్పునీరు తోడుకోగల ప్రతి మెరకా చెరువుగా మారే ప్రమాదం ఏర్పడింది. రైతును తప్పు పట్టి లాభం లేదు. కుటుంబం గడవడానికి అందిన దారి అది. కాని ఒక చెరువు కట్ట తన అడుగున ఉన్న మొక్కలనే గాక, దాని వెనుకనున్న పర్రకు పోటు చేరే దారిని కూడా మూసివేస్తుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులను నిషేధించింది. 1991లో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన మడలను అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చింది. చట్టాలు వచ్చేసరికి చాలా అంచులు అప్పటికే కట్టల వెనుకకు వెళ్లాయి.

పైనుంచి వచ్చే ఒండ్రు తగ్గడం మరో సమస్య. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. ఆ తరువాతి శతాబ్దంలో గోదావరి పరీవాహకం పొడుగునా కట్టిన ఆనకట్టలు నీటితోపాటు ఒండ్రును కూడా ఆపుతూ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1970లలో ఏడాదికి సగటున సుమారు 15 కోట్ల టన్నులుగా ఉన్న తేలియాడే ఒండ్రు 1990లలో 6 కోట్ల టన్నులలోపుకు పడిపోయింది. ఒండ్రు తగ్గితే తీరం ముందుకు పెరగదు, కొన్నిచోట్ల వెనక్కి కోసుకుపోతుంది. సముద్రం లోపలికి జరిగినప్పుడు మడలు సహజంగా భూమివైపు జరగాలి. కాని భూమివైపు కట్ట ఉంటే జరగడానికి చోటు ఉండదు. ముందు నుంచి సముద్రం, వెనుక నుంచి కట్ట ఒత్తుతుంటే, మొదట మాయమయ్యేది ఆ వెనుక అంచులోని మొక్కే.

కోరంగి వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు; దాని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇప్పుడు కాకినాడ, కోనసీమ జిల్లాల పరిధిలోకి వచ్చే ఈ ప్రాంతంలో బావురుపిల్లులు, నీరుకుక్కలు ఉన్నాయి, హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవుల విస్తీర్ణం 405 చదరపు కిలోమీటర్లని తేల్చింది. ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చే ఈ అంకె విలువైనదే. అయితే ఆకాశం నుంచి పచ్చదనం ఎంత ఉందో తెలుస్తుంది గాని, ఆ పచ్చదనంలో ఎన్ని జాతులున్నాయో తెలియదు. ఒక హెక్టారులో తెల్లమడ ఒక్కటే పెరిగినా, పదిహేను జాతులు కలిసి పెరిగినా చిత్రంలో ఒకే రంగు. సైఫిఫోరా వంటి మొక్క చివరి పొద వరకు పోయినా విస్తీర్ణపు అంకె ఒక్క చుక్క కూడా తగ్గదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితా కూడా ఈ మొక్కను ప్రపంచం మొత్తాన్ని లెక్కలోకి తీసుకొని తక్షణ ముప్పు లేని జాతులలో ఉంచింది. ఇండోనేషియాలోనో ఆస్ట్రేలియాలోనో సమృద్ధిగా ఉండటం గోదావరి మొక్కకు రక్షణ కాదు.

ఇటువంటి నష్టం వేరొకచోట ఎలా జరిగిందో ఫిలిప్పీన్స్ చూపుతుంది. అక్కడ ఈ పొదను నిలాడ్ అంటారు. మనీలా నగరానికి ఆ పేరు ఈ మొక్క వల్లే వచ్చిందన్న కథ ఆ దేశంలో బాగా ప్రచారంలో ఉంది. భాషా శాస్త్రవేత్తలు మాత్రం నీలిమందు మొక్క వైపు మొగ్గు చూపుతారు. ఏది నిజమైనా, నగరానికి చిహ్నంగా చెప్పుకునే పొద మనీలా అఖాతపు ఒడ్డున దాదాపు కనిపించకుండాపోయి, దానిని మళ్లీ తెచ్చి నాటాల్సిన అవసరం ఏర్పడింది. చైనాలో ఈ జాతి దక్షిణపు హైనాన్ ద్వీపానికే పరిమితమై ఉంది.

గోదావరి మడలను తిరిగి పెంచే పని 1990లలోనే మొదలైంది. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, రాష్ట్ర అటవీ శాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి దెబ్బతిన్న మడ భూములలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా చీలిన చిన్న కాలువలు. పోటు ఆ దారిన మెరక మీదికి చేరి, పాటుకు తిరిగి పోతూ నేలలో పేరుకున్న ఉప్పును తనతో తీసుకుపోతుంది. చాలాకాలంగా మొక్క మొలవని ఉప్పు పర్రలు తిరిగి పచ్చబడటానికి ఈ సరళమైన ఉపాయమే కారణం. ఆ మడ భూములు క్షీణించడానికి మూలం చెట్లు కొట్టడమే కాదు, నీరు వచ్చిపోయే దారి చెడటం కూడానని ఈ పద్ధతి గుర్తించింది. అది చాలా సరైన గుర్తింపు.

అయితే నాటేటప్పుడు నర్సరీలో సులభంగా పెరిగేవాటినే ఎంచుకోవడం సహజం. తెల్లమడ విత్తనం కాయలోనే మొలకతో వస్తుంది, ఉప్పుపొన్న మొలకను బురదలో గుచ్చితే చాలు. సైఫిఫోరాకు ఇంత తేలిక దారి లేదు. పండిన కాయలను చెట్టు మీద నుంచే సేకరించి, ఉప్పు తక్కువ నీటితో తడిపే మడులలో ఉంచి, వాన కాలంలో మొలకెత్తించి, క్రమంగా ఉప్పుకు అలవాటు చేసి, ఏటి బురదలో కాక పెద్ద పోటు మాత్రమే తాకే మెరకలో, ఒకదానికొకటి కీటకం చేరగల దూరంలో గుంపులుగా నాటాలి. నాటిన చోట భూమివైపు కట్టకు తూము ఉండి, వచ్చిన నీరు తిరిగి పోగలగాలి. నీరు నిలిచిపోతే శ్వాసవేళ్లు లేని దాని వేళ్లు బతకవు. మొదటి రెండేళ్లు పశువులు తొక్కకుండా కంప కట్టడం కూడా అవసరమవుతుంది. అన్నిటికన్నా ముందు, తాళ్లరేవు, కాట్రేనికోన, ఐ. పోలవరం తీరాలలో ప్రతి ఉప్పుటేటి వెనుక అంచులోనూ ఈ పొద ఎక్కడెక్కడ మిగిలి ఉందో నేల మీద తిరిగి గుర్తించి, ఆ పొదల నుంచే కాయలు తీసుకోవాలి. ఆ ఉప్పుకూ ఆ వరదకూ తరతరాలుగా అలవాటుపడిన విత్తనానికి బయటినుంచి తెచ్చిన విత్తనం సాటి రాకపోవచ్చు. ఆ పనికి ఉపగ్రహం కన్నా, ఏ ఏటి గట్టున ఏ పొద ఎప్పుడు పూస్తుందో చిన్ననాటి నుంచి చూస్తూ వచ్చిన తీర గ్రామాల మత్స్యకారులు ఎక్కువగా ఉపయోగపడతారు. ఎదురెదురు ఆకులు, బంక అంటే మొగ్గ, ఉబ్బెత్తు గీతల కాయ అనే మూడు గుర్తులు చెబితే చాలు.